మామ్మ చెప్పిన రంగం చూడాలని ఉంది

సమస్య

మాది ఆలమూరు. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నన్ను పెంచింది మా మామ్మ. పెళ్ళయిన కొత్తలో తాతయ్యతో కలిసి కాకినాడలో ఓడెక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళిందట. తాతయ్య అక్కడ బియ్యం మిల్లులో గుమస్తా. బాంబులు పడ్డాక, 1942లో, పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చేశారు.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని రంగం కబుర్లే చెప్పేది. మొహానికి చెట్టుబెరడు గంధం పూసుకునే ఆడవాళ్ళు, ట్రాముబండి, ఊరి నడిబొడ్డున సూలే గుడి, గుట్టమీద రాత్రిపూట మెరిసే బంగారు గోపురం. తిరిగొచ్చిన సంగతి మాత్రం ఎప్పుడడిగినా “వచ్చేశాం, అంతే” అనేది. క్లాసులో బర్మా మ్యాపు చూపించినప్పుడల్లా నా వేలు రంగూన్ దగ్గరే ఆగిపోయేది.

ఇప్పుడు చేతిలో డబ్బుంది, తీరికా ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి “అక్కడ యుద్ధం జరుగుతోందమ్మా, కావాలంటే సింగపూర్ తీసుకెళ్తాను” అంటున్నాడు. మావారేమో “పోయి పోయి బర్మాయా? ఆ డబ్బుతో కాశీ వెళ్ళొద్దాం” అంటారు. తోటి టీచరు ఒకావిడ “మీ మామ్మ చూసిన ఊరు ఇప్పుడు లేదు. వెళ్తే ఉన్న కల కూడా పోతుంది” అంది. మొదటి రెండు మాటలకీ జవాబు చెప్పగలను. ఆ మూడోదానికే భయమేస్తోంది. ఈ ఆశ వదులుకోమంటారా?

– ఒక సోదరి, ఆలమూరు

సలహా

వదులుకోవద్దమ్మా. కానీ ఇప్పుడే టిక్కెట్టు కొనొద్దు. ముందు మీ అబ్బాయి మాట తీసుకుందాం, ప్రస్తుతానికి అతని మాటే సబబు. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారం చేతిలోకి తీసుకున్నాక దేశంలో చాలాచోట్ల పోరు నడుస్తోంది. రఖైన్ వైపు వెళ్ళొద్దని మన విదేశాంగ శాఖ 2024లోనే చెప్పింది. ఉద్యోగాల ఆశతో వెళ్ళి అక్కడి మయవాడిలో సైబర్ మోసాల ముఠాల చేతుల్లో చిక్కినవాళ్ళలో తెలుగు కుర్రాళ్ళూ ఉన్నారు. 2025 మార్చిలో మండలే, సగాయింగ్ ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. ఇవన్నీ రంగూన్ నగరంలో జరిగినవి కావు. అయినా ఒంట్లో బాగోక ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తే, హఠాత్తుగా కర్ఫ్యూ పెడితే, ఒంటరిగా మీరేం చేస్తారు? విదేశాంగ శాఖ సూచనల్లో రంగూన్ గురించి హెచ్చరిక లేని రోజున, తోడు ఒకరుంటే, ఆ ఒక్క నగరానికే వెళ్ళిరండి. సింగపూర్ కొడుకు ముచ్చట కోసం వెళ్తే వెళ్ళండి గాని, దానికి బదులు అనుకోవద్దు. కాశీ కూడా అంతే. మీవారితో కాశీ వెళ్తే రంగం బాకీ తీరదని ఆయనకి ముందే చెప్పేయండి.

ఇక ఆ మూడో మాట. మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. ఆ ట్రాములు పోయాయి. 1989లో ఊరి పేరు యాంగాన్ అయింది. రాజధాని హోదా నేప్యిడాకి వెళ్ళిపోయింది. డల్హౌసీ వీధి మహాబందూల రోడ్డయింది, ఫ్రేజర్ వీధి అనవ్రత రోడ్డయింది. 1926లో కట్టిన స్కాట్ మార్కెట్ మాత్రం బోజ్యోక్ ఆంగ్ సాన్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. సూలే, మామ్మ చెప్పిన బంగారు గోపురం ష్వేడగాన్ ఉండనే ఉన్నాయి. ష్వేడగాన్ పైకి లిఫ్టుంది కాబట్టి మెట్ల గురించి బెంగక్కర్లేదు. చెప్పులు కిందే వదలాలి, మధ్యాహ్నం పాలరాయి కాలుతుంది, సాయంత్రం వెళ్ళండి.

అయితే మామ్మ చెప్పిన జాబితా పట్టుకుని, ఏది ఉంది ఏది లేదు అని టిక్కులు పెట్టుకోవడానికే వెళ్తే నిరాశ తప్పదు. ఆవిడ మీకిచ్చింది సగం ఊరే. మిగతా సగం ఆ “వచ్చేశాం, అంతే”లో దాచేసింది. సోషల్ టీచరు కదా, ఆ సగం మీకు తెలియంది కాదు. 1931 లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ ఎక్కువగా మన తీరంవాళ్ళు. మన కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. 1930 మేలో రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. అల్లర్లు లేచాయి, ఎంతోమంది చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా నడిచి వచ్చారు. దారిలో వేలమంది ప్రాణాలు పోయాయి.

మనకి బతుకుతెరువైన ఊళ్ళో, మనవాళ్ళు తమ పొట్ట కొట్టారనుకున్న బర్మావాళ్ళూ ఉన్నారు. మామ్మ చెప్పిన అందం అబద్ధమని కాదు. అది ఆవిడ పడుచుదనపు రంగం. మీరు చూడబోయేది ఆ ఊరివాళ్ళ యాంగాన్. అతిథిగా వెళ్తే పోయిందేమీ ఉండదు, తెలియంది తెలుస్తుంది. అప్పుడు ఆవిడ ఎందుకు మాట దాటేసిందో కూడా అర్థమవుతుంది. అక్కడ పుట్టిన తెలుగువాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళతో మాట్లాడండి.

ఈలోగా చేతులు కట్టుకు కూర్చోవద్దు. ముందు విశాఖ వెళ్ళండి. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. 1962 తర్వాత బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక తిరిగొచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటే మామ్మ తర్వాతి రంగం కథ వింటారు. యాంగాన్‌లో వాళ్ళ చుట్టాలు ఇంకా ఎవరైనా ఉన్నారేమో అడగండి. పరాయి ఊళ్ళో తెలుగు పలికే మనిషి ఒకరు దొరికితే మీ అబ్బాయి భయం సగం తగ్గుతుంది. మామ్మ కబుర్లలో గుర్తున్నవన్నీ నోట్‌బుక్కులో రాసి పెట్టండి, మీ తర్వాత వాటిని చెప్పేవాళ్ళుండరు.

పాస్‌పోర్టుకి ఈ వారమే దరఖాస్తు పెట్టండి. అది పదేళ్ళు చెల్లుతుంది. ఆ దేశం కుదుటపడేదాకా అది ఆగుతుంది గాని మోకాళ్ళు ఆగవు. రోజూ ఓ గంట నడవడం కూడా ఈ వారమే మొదలుపెట్టండి.