మట్టి పిట్టకు పాత తుపాకి

ఒమన్ వాయవ్య సరిహద్దున ఉన్న బురైమి, కంచెకు ఆవలి అల్ ఐన్ రెండు దేశాల పట్టణాలైనా భౌగోళికంగా ఒకే ఒయాసిస్సు. శీతకాలంలో ఉత్తరాది నుండి వలస వచ్చే హుబారా పక్షిని సాళువతో పట్టించడం ఈ ఎడారి ప్రాంతపు తరతరాల వేట. హుబారా మన బట్టమేక పిట్టకు దాయాది. సాళువ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. విజయనగరాన్ని ఏలిన ఒక రాజవంశం పేరే అది. 1946లో అల్ ఐన్ ప్రాంతానికి పాలకప్రతినిధిగా వచ్చిన షేక్ జాయెద్ యౌవనంలో తుపాకితోనూ వేటాడినా, అది వన్యప్రాణులను తుడిచిపెట్టేస్తుందని గ్రహించి, తరువాత సాళువవేటకే పరిమితమయ్యారు. ఆ భయం నిరాధారం కాదు. ఒమన్‌లో 2003 నాటి 6వ రాజశాసనం రక్షిత జాబితాలోని జంతువులను, పక్షులను వేటాడడాన్ని నేరంగా పరిగణిస్తుంది.

అయితే గురి నేర్పు పక్షి ప్రాణం మీదనే ఆధారపడనవసరం లేదు. అమెరికాలోని సిన్సినాటి వాసి జార్జ్ లిగోవ్‌స్కీ 1880లో మట్టి పళ్ళేనికి పేటెంటు పొందాడు. ఇప్పటి ‘మట్టి పిట్ట’లో మట్టి ఉండదు, సున్నపురాయి పొడి, కీలు కలిపి పోత పోస్తారు. వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. ఏథెన్స్‌లో 2004 ఆగస్టు 17న ఈ పళ్ళేల మీదనే ఎమిరేట్స్‌కు చెందిన అహ్మద్ అల్ మక్తూమ్ 200కు 189 కొట్టి తన దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చాడు. అదే పోటీలో 179తో రజతం గెలిచినవాడు మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్. హైదరాబాదు యువకుడు కైనన్ చెనాయ్ 2016లో రియోలో ఇదే విద్యతో నిలిచాడు.

ఇక తుపాకి విషయం. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1897 నమూనా, 1912 నమూనా, 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 పంపు తుపాకులలో ప్రసిద్ధమైనవి. గొట్టం కింది కర్రను వెనక్కు లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది, ముందుకు తోస్తే కొత్తది అరలో కూర్చుంటుంది. ఒలింపిక్ నిబంధనలు పంపు తుపాకిని అనుమతించవు. క్లబ్బు సాధనకు మాత్రం అది చక్కగా చాలు. తాతల నాటి 1897 నమూనాలో ఒక ప్రమాదం ఉంది. మీట నొక్కిపట్టి కర్రను ముందుకు తోస్తే తుపాకి దానంతటదే పేలుతుంది.

అంతకన్న గోప్యమైన ప్రమాదం తూటా అరలో ఉంటుంది. 20వ శతాబ్దారంభపు కొన్ని తుపాకుల అర సుమారు 65 మిల్లీమీటర్లు. నేటి తూటా 70. పొడవైన తూటా పొట్టి అరలో పట్టదు కదా అనుకోవచ్చు. కాని పట్టుతుంది! ఎందుకంటే 70 అనేది పేలిన తరువాత దాని నోరు విచ్చుకున్నప్పటి పొడవు. పేలకముందు నోరు ముడుచుకొని పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు విచ్చుకునే నోరు అర దాటి సన్నబడే గొట్టంలోకి చొరబడి రవ్వల దారిని ఇరుకు చేస్తుంది, పీడనం పెరుగుతుంది. కనుక పాత తుపాకి చేతికి రాగానే చేయవలసిన మొదటి పని, లైసెన్సుగల తుపాకి మరమ్మతుదారుచేత అరను కొలిపించడమే. అల్లిక ఉక్కు గొట్టమైతే నేటి మందుతో కాల్చనే కూడదు.

తరువాత గొట్టం మూతి. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కొక్కటి సరిపోయే గొట్టాన్ని 12 బోరు అంటారు. వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. మూతి వద్ద ఈ వ్యాసాన్ని కొంచెం సన్నం చేయడమే ‘చోక్’. పూర్తి చోక్‌లో ఆ సన్నదనం మిల్లీమీటరు మాత్రమే. అయినా ఫలితం పెద్దది. 36.5 మీటర్ల దూరాన 76 సెంటీమీటర్ల వృత్తంలో చోక్ లేని గొట్టం దాదాపు 40 శాతం రవ్వలు వేస్తే, పూర్తి చోక్ 70 శాతం వేస్తుంది. పాత పంపు తుపాకుల్లో పూర్తి చోక్ ఎక్కువ. దూరంగా పోయే బాతుకు అది బాగు. ఇరవై మీటర్ల లోపల ఎగిరే కౌజుపిట్టకు, స్కీట్ పళ్ళేనికి అది మరీ ఇరుకు. తగిలితే పిట్ట తినడానికి మిగలదు, తగలకపోతే అసలే లేదు. మరమ్మతుదారు చోక్‌ను తొలిచి విప్పగలడు. గోడ మందంగా ఉంటే మరలు కోసి మార్చుకునే చోక్‌లు బిగించగలడు.

చోక్ విప్పడానికి మరో కారణం కూడా ఉంది. నీటిపక్షులు నేలన పడిన సీసపు రవ్వలను గులకరాళ్ళనుకొని మింగి విషానికి బలవుతాయి. అందుకే అమెరికాలో 1991 నుండి నీటిపక్షుల వేటలో సీసం నిషిద్ధం. బదులుగా వచ్చిన ఉక్కు సాంద్రత 7.8, సీసానిది 11.3. మెత్తని సీసం చోక్‌లో ఒదుగుతుంది. గట్టి ఉక్కు ఒదగదు; పాత పూర్తి చోక్‌ను ఉబ్బించగలదు.

మూడవది కర్ర మడమ. రవ్వల తుపాకికి వెనుక గురిచూపు ఉండదు. కంటి స్థానమే ఆ పని చేస్తుంది. చెంప ఆనే అంచు పాత తుపాకుల్లో బాగా పల్లంగా ఉండేది. కంటికి, మూతి మీది పూసకు మధ్య ఒక మీటరు దూరమనుకుందాం. కన్ను 3 మిల్లీమీటర్లు తగ్గితే 36 మీటర్ల వద్ద దెబ్బ సుమారు 105 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. అంటే దాదాపు ఒక మట్టి పిట్ట వెడల్పు! సరూప త్రిభుజాల లెక్కే ఇది. అంచుకు తోలు మెత్త కట్టి ఎత్తు పెంచడం అతి చవకైన చికిత్స.

అడ్డంగా పోయే పళ్ళెం సెకనుకు 20 మీటర్లు కదిలితే, 20 మీటర్ల దూరం దాటడానికి రవ్వలకు సెకనులో 6 శాతం కాలం పడుతుంది. అంతలో పళ్ళెం 1.2 మీటర్లు ముందుకు సాగుతుంది. చూసిన చోట కాల్చినవాడు అందుకే తప్పుతాడు.

సవరణ ముగిశాక పెద్ద కాగితం కట్టి 36.5 మీటర్ల నుండి కాల్చి, రంధ్రాలు దట్టంగా ఉన్న చోట 76 సెంటీమీటర్ల వృత్తం గీసి లెక్కించాలి. ఒక్క తూటాతో నిర్ణయించకూడదు. కనీసం అయిదారు కాగితాల సగటు కావాలి. జేబులో 20 బోరు తూటాలు కలవకుండా చూసుకోవాలి. వాటికి పసుపు రంగు వేసేది ఇందుకే: 12 బోరు గొట్టంలోకి జారి నడుమ చిక్కుకున్న తూటా వెనుక మరొకటి పేలిస్తే గొట్టం చీలిపోతుంది.