రాఠోడు వంశవృక్షము

బాలలారా! భారతదేశపు పటమును విప్పి, ఆరావళీ పర్వతపంక్తికి పడమటి దిక్కున నున్న భాగమును చూడుడు. అచట థారు ఎడారి కలదు. దానిని చేరియున్న నేలకు మార్వాడ మని పేరు. సంస్కృతమున 'మరు' వనగా ఎడారి. ఆ మాటనుండియే ఈ పేరు పుట్టినది. మన పట్టణములలో వ్యాపారము చేసికొను మార్వాడీలకు ఆ పేరు ఈ సీమనుబట్టియే వచ్చినది. అచట వానలు తక్కువ. బావులు మిక్కిలి లోతు. సజ్జయే ప్రజలకు ముఖ్యాహారము. మనము విజయదశమినాడు పూజించు జమ్మిచెట్టు ఆ యిసుకనేలలో విరివిగా పెరుగును. వేళ్లు లోతుగా దించి నీటిని వెదకుకొనును గావున, కరవు వచ్చినను అది త్వరగా ఎండదు. ఆ జమ్మివలెనే ఈ నేలలో వేరూని, కొమ్మలు సాచి, పెక్కు రాజ్యములుగా విస్తరించిన రాజపుత్రవంశ మొకటి కలదు. అదియే రాఠోడు వంశము.

రాఠోడులు తాము కనౌజు నేలిన జయచంద్రుని సంతతివార మని చెప్పుకొందురు. జయచంద్రుడు 1194లో చందావరు యుద్ధమున మహమ్మదు గోరీ సేనలచేత ఓడి మరణించెను. అతని వంశీయుడైన సీహా అను వీరుడు పడమటికి తరలివచ్చి, పాలీ పట్టణప్రాంతమున నిలిచె నని అచటి వందిమాగధులు పాడుచుండిరి. ఈ వంశక్రమమును చరిత్రకారు లందరును అంగీకరింపరు. కాని సీహా కల్పితపురుషుడు మాత్రము కాడు. పాలీ సమీపమున బిఠూ అను గ్రామమున దొరకిన శిలాశాసనము, అతడు 1273లో మరణించినట్లు తెలుపుచున్నది.

సీహా సంతతివారు మొదట చిన్న దొరలుగానే యుండిరి. పద్నాలుగవ శతాబ్ది చివర చూండా అనువాడు మండోరు దుర్గమును సంపాదించుటతో వారి కొక రాజధాని దొరకెను. అతని కుమారుడు రణమల్లుడు మేవాడ రాజ్యవ్యవహారములలో చేయిదూర్చి, 1438లో చిత్తోడులో చంపబడెను. మండోరు మేవాడు వశమయ్యెను. రణమల్లుని కుమారుడు జోధా కొలదిమంది అనుచరులతో ఎడారిలోనికి పారిపోయి, పదునైదేండ్లు కష్టముల ననుభవించెను.

ఆ కాలమున జరిగినదిగా మార్వాడమున ఒక కథ చెప్పుకొందురు. ఒకనాటి రాత్రి జోధా మారువేషమున ఒక రైతుయింట అతిథియై యుండెను. ఇల్లాలు వేడివేడి సజ్జసంకటి వడ్డించెను. ఆకలిగొన్న జోధా సంకటి నడుమ చేయిపెట్టి వ్రేళ్లు కాల్చుకొనెను. అది చూచి ఆ యిల్లాలు నవ్వి, "నాయనా! నీవును మా జోధావంటివాడవే. అంచులనుండి తినుచు వచ్చిన చేయి కాలదు గదా!" అనెను. జోధా ఆ మాటలోని నీతిని గ్రహించెను. మండోరుపై తిన్నగా దండెత్తుట మాని, చుట్టుపట్ల నున్న ఠాణాల నొక్కటొక్కటిగా పట్టుకొనుచు వచ్చి, 1453లో మండోరును తిరిగి సాధించెను. కథ యెట్లున్నను, అతడు ఓపికతో రాజ్యమును కూడదీసికొన్న మాట నిజము. 1459లో అతడు సమీపమున నున్న కొండపై నూతనదుర్గమునకు పునాది వేసెను. దాని పాదమున వెలసిన నగరమే జోధపురము.

జోధాకు కుమారులు పలువురు. రాజ్య మొక్కటి, కొడుకులు పెక్కుమంది అయినప్పుడు ఏమి చేయవలెను? రాఠోడుల పద్ధతి యిది: ఒకడు గద్దె నెక్కును, తక్కినవారికి భూములు లభించును, లేదా వారు తమ కత్తితో క్రొత్తనేలను సంపాదించుకొందురు. ప్రతివానికిని తన కోట, తన సైన్యము ఉండును. రాజు వారికి ప్రభువు మాత్రమే గాదు, అన్నదమ్ములలో మొదటివాడు. ఈ ఏర్పాటువలన వంశము త్వరగా విస్తరించెను. అయితే అన్నదమ్ములు కలసియున్నప్పుడు ఎంత బలము కలిగెనో, విడిపోయినప్పుడు అంత చేటును కలిగెను.

మొదటి పెద్దకొమ్మ బికనేరు. జోధా కుమారుడైన బికా ఒకనాడు కొలువులో పినతండ్రి కాంధలునితో గుసగుసలాడుచుండెను. అది చూచి జోధా, "ఏదేని క్రొత్తరాజ్యమును జయింపనెంచుచున్నారా?" అని పరిహాసమాడెనట! పినతండ్రియు కొడుకును ఆ మాటను పంతముగా గైకొనిరి. 1465లో వారు కొలదిసేనతో ఉత్తరపుటెడారికి కదలిరి. అనేక సంవత్సరముల పోరాటము తరువాత, 1488లో బికా తన పేర బికనేరు నగరమును నిర్మించెను. జోధపురముపై హక్కును వదలుకొన్నందులకు బదులుగా, పూర్వులనాటి గంధపుచెక్క సింహాసనము, ఛత్రము మొదలగు రాజచిహ్నముల నిచ్చెదనని తండ్రి అతనికి మాట యిచ్చియుండెను. తండ్రి మరణానంతరము, సోదరుడు సూజా ప్రభువైన పిమ్మట, బికా జోధపురమును ముట్టడించి వానిని పొందెను. కోటను మాత్రము ఆశింపక మరలిపోయెను.

మేడతా శాఖ జోధా కుమారుడైన దూదానుండి వ్యాపించినది. కృష్ణభక్తురాలైన మీరాబాయి ఈ దూదాకు మనుమరాలే. అయినను ఈ శాఖ కష్టములు చెప్పనలవి కానివి. పదునారవ శతాబ్దిలో జోధపుర ప్రభువైన మాలదేవుడు పరాక్రమవంతుడు. కాని జ్ఞాతుల రాజ్యములను సహింపలేకపోయెను. మేడతానుండి వీరమదేవుని వెడలగొట్టెను; బికనేరును ఆక్రమించెను. నిలువనీడ లేని ఆ జ్ఞాతులు ఢిల్లీ సుల్తానైన షేర్షా నాశ్రయించిరి.

1544లో సుమేలు గ్రామమువద్ద ఇరుసేనలు ఎదురెదుర నిలిచెను. మాలదేవుని సేనానులు శత్రువులతో కలసిరని తోచునట్లు షేర్షా దొంగలేఖలు వ్రాయించి, అవి మాలదేవునికి చిక్కునట్లు చేసెను. అన్నదమ్ములు తనకు విరోధులైన మాలదేవునకు తనవారిపై నమ్మకము సడలెను. అతడు రాత్రికి రాత్రి వెనుదిరిగెను. ఆ నిందను భరింపలేక జైతా, కూంపా అను ఇరువురు రాఠోడు సేనానులు కొలదివేలమందితో నిలిచి, తుదివరకు పోరాడి నేలకొరగిరి. వారి ధాటికి షేర్షా నివ్వెరపోయి, పిడికెడు సజ్జలకొరకు హిందూస్థాన సామ్రాజ్యమునే పోగొట్టుకొనబోతినని వాపోయెనట! అన్నదమ్ములమీది అనుమానము ఎంత పనిచేసినదో చూచితిరా?

కాలక్రమమున మరికొన్ని కొమ్మలు తొడిగినవి. జోధపురాధీశుడైన ఉదయసింహుని కుమారుడు కిషనుసింహుడు పదునేడవ శతాబ్ది మొదట కిషనుగఢమును స్థాపించెను. అచట పదునెనిమిదవ శతాబ్దిలో నిహాలుచందు చిత్రించిన 'బనీఠనీ' చిత్రము లోకప్రసిద్ధము. ఉదయసింహుని మునిమనుమడు రతనుసింహుడు మాళవదేశమున రత్లాము రాజ్యమును నెలకొల్పెను. గుజరాతునందలి ఈడరునకు కూడ తరువాతికాలమున ఈ వంశపు శాఖ చేరెను.

ఈ వంశమున గద్దె నెక్కినవారు ఎందరో కలరు. అయినను మార్వాడమున నేటికిని ప్రజలు ప్రేమతో తలచు పేరు గద్దె నెక్కనివాని పేరు. అతడే దుర్గాదాసు. 1638లో జన్మించిన ఇతడు రాఠోడుల చిన్న శాఖలలో ఒకటైన కర్ణోతు శాఖకు చెందినవాడు.

1678లో జోధపురాధీశుడైన జస్వంతుసింహుడు వాయవ్యసరిహద్దునందలి జమ్రూదులో మరణించెను. అప్పటికి అతనికి వారసుడు లేడు. మరుసటి యేడు లాహోరులో అతని రాణి అజితసింహుని ప్రసవించెను. ఔరంగజేబు చక్రవర్తి జోధపురమును ఆ శిశువున కీయక, జస్వంతుని అన్న మనుమడైన ఇంద్రసింహునకు ధనము పుచ్చుకొని యిచ్చెను. రాణులను, శిశువును ఢిల్లీలో కాపుదలలో నుంచదలచెను. అప్పుడు దుర్గాదాసు, అతని సహచరులు మొగలుసేనతో పోరాడి, శిశువును రహస్యముగా దాటించిరి. పెక్కుమంది రాఠోడులు ఆ వీథులలోనే ప్రాణము లర్పించిరి. పసివానిని సిరోహి కొండప్రాంతమున దాచి పెంచిరి.

ఆనాటినుండి 28 సంవత్సరములు దుర్గాదాసు గుఱ్ఱము దిగలేదన్నను తప్పులేదు. 1681లో ఔరంగజేబు కుమారుడైన అక్బరు తండ్రిపై తిరుగబడి ఓడిపోగా, దుర్గాదాసు అతనిని దక్కనునకు కొనిపోయి, శివాజీ కుమారుడైన శంభాజీ యొద్దకు చేర్చెను. అక్బరు పిల్ల లిద్దరు మార్వాడముననే చిక్కుకొనిరి. వారు శత్రువు మనుమలు. దుర్గాదాసు తలచినచో వారిని ఏమైనను చేయగలడు. కాని వారిని గౌరవముతో పెంచెను. కొన్నియేండ్లకు మనుమరాలు తాతగారి సన్నిధి చేరినప్పుడు, ఔరంగజేబు ఆమెకు ఖురాను నేర్పింప నెంచెను. అప్పుడా బాలిక, దుర్గాదాసు తన కొక ముస్లిము స్త్రీని గురువుగా నియమించి, ఇదివరకే ఖురాను నేర్పించెనని విన్నవించెను. అది విని చక్రవర్తి ఆశ్చర్యపడెను.

1707లో ఔరంగజేబు మరణింపగనే అజితసింహుడు జోధపురమున ప్రవేశించెను. దుర్గాదాసు వ్రతము నెరవేరెను. కాని ఫలిత మేమి? కొలదికాలమునకే అజితునకు అతనిపై మనస్సు విరిగెను. ముదుసలియైన దుర్గాదాసు ఒక్క మాటైన పరుషముగా పలుకక మేవాడమునకు వెడలిపోయి, 1718లో ఉజ్జయినిలో మరణించెను. శిప్రానదీతీరమున అతని సమాధిమంటపము నేటికిని కలదు. ఇక అజితుడో, 1724లో కన్నకొడుకు చేతిలోనే హతుడయ్యెను.

ఆ కాలముననే బికనేరు నేలిన అనూపసింహుడు ఔరంగజేబు పక్షమున దక్కనులో సేనాని. ఒకే వంశమువారు ఇరుపక్షముల నుండుట విచిత్రము గదా! అతడు 1687 నాటి గోలకొండ ముట్టడిలో పాల్గొని, తరువాత మన కర్నూలు జిల్లాలోని ఆదోనికి పాలకుడై, 1698లో అచటనే మరణించెను. యుద్ధకాలమున ఇతరులు ధనమును దోచుకొనుచుండగా, అతడు చెదలకును మంటలకును బలియగుచున్న తాళపత్రగ్రంథములను, విగ్రహములను సేకరించి బికనేరునకు పంపెను. అతని పేర వెలసిన సంస్కృతగ్రంథాలయము విద్వాంసులకు నేటికిని ఉపకరించుచున్నది.

1818లో జోధపురము, బికనేరు ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. 1899-1900లో ఘోరమైన కరవు ఎడారిని పీడించెను. అది కన్నులార చూచిన బికనేరు ప్రభువు గంగాసింహుడు 1927లో సట్లెజి నీటిని కాలువద్వారా రప్పించి ఇసుకనేలను పంటభూమిగా మార్చెను. దేశము స్వతంత్రమైన పిమ్మట, 1948లో రత్లాము మధ్యభారత్‌లోను, ఈడరు బొంబాయి రాష్ట్రములోను చేరినవి. ఆ యేడే కిషనుగఢమును, 1949 మార్చి 30న జోధపురము, బికనేరులును రాజస్థానమున కలసినవి. బికా కాలమునుండి పలుమారు పరస్పరము పోరాడిన కొమ్మలు దేశమను ఒకే మహావృక్షమున చేరినవి. 1971లో రాజబిరుదములును రద్దయినవి.

విద్యార్థులారా! రాజ్యములు పోయినవి. మిగిలిన వేవి? మాటకు నిలిచిన జైతా కూంపాల కీర్తి, ఆదోనినుండి చేరిన గ్రంథములు, ఎడారిలో పారు కాలువ మిగిలినవి. పరుని బిడ్డకు పరుని మతమునే నేర్పించిన దుర్గాదాసు ధర్మబుద్ధి మిగిలినది. కొమ్మలెన్ని యున్నను చెట్టును నిలుపునది వేరు. వంశమునకు అట్టి వేరు నమ్మకము.

ప్రశ్నలు

1. సీహా కల్పితపురుషుడు కాడని ఎట్లు చెప్పగలము?
2. సజ్జసంకటి కథవలన జోధా నేర్చుకొన్న నీతి యేమి?
3. సుమేలు యుద్ధమున మాలదేవుడు వెనుదిరుగుటకు కారణ మేమి?
4. దుర్గాదాసు శత్రువు మనుమలపట్ల ఎట్లు ప్రవర్తించెను?
5. అనూపసింహునకు ఆంధ్రదేశముతో గల సంబంధమును వివరింపుము.