నోరు విప్పని లక్షణాన్ని నువ్వే అడగాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎండోక్రైనాలజీలో డీఎం సీటు వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఓపీలో కూర్చునే ముందు న్యూరోఎండోక్రైన్ కణితులకూ సెక్స్ హార్మోన్లకూ ఉన్న సంబంధాన్ని మనసులో పెట్టుకో తల్లీ.

2018లో నటుడు ఇర్ఫాన్ ఖాన్ తన జబ్బు పేరు చెప్పాక న్యూరోఎండోక్రైన్ కణితి అనే మాట చాలామంది చెవిన పడింది. ఆ మాట వినగానే పేగు, క్లోమం, ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణ పిట్యూటరీ అడినోమాలను కూడా ఈ కోవలోనే చేర్చింది. సెక్స్ హార్మోన్ల ప్రభావం తేటగా కనిపించేది అక్కడే, ముఖ్యంగా ప్రొలాక్టిన్ వదిలే కణితి అయిన ప్రొలాక్టినోమాలో.

ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలను ఈస్ట్రోజెన్ పెంచుతుంది. అందుకే గర్భిణుల్లో పిట్యూటరీ సహజంగానే పెద్దదవుతుంది. అప్పటికే పెద్ద కణితి ఉంటే అది ఇంకా పెరిగి చూపు నరాన్ని నొక్కవచ్చు. ఇక కణితి వదిలే ప్రొలాక్టిన్ హైపోథలామస్ సంకేతాలను అణచేస్తుంది. ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్, మగవాళ్లలో టెస్టోస్టెరాన్ పడిపోతాయి. నెలసరి ఆగుతుంది, సంతానం కలగదు, ఏళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి.

నెలసరి తప్పడం వల్ల ఆడవాళ్లలో కణితి తరచూ 10 మిల్లీమీటర్ల లోపు ఉండగానే దొరుకుతుంది. మగవాళ్లు కోరిక తగ్గిన సంగతి ఎవరికీ చెప్పుకోరు. తలనొప్పి ముదిరి, పక్కచూపు తగ్గాక వస్తారు. అందుకే ఆడవాళ్లనైనా మగవాళ్లనైనా విడిగా కూర్చోబెట్టి అడుగు. అత్తగారు పక్కనుంటే కోడలు ఏం చెప్పగలదు?

ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉందనగానే ఎంఆర్ఐ రాసేయకు. గర్భం ఉందేమో, థైరాయిడ్ తగ్గిందేమో చూడు. మందుల చీటీలో డోంపెరిడోన్, రిస్పెరిడోన్ ఉన్నాయేమో వెతుకు. మానసిక వైద్యుడు రాసిన మందును ఆయనతో మాట్లాడకుండా ఆపొద్దు. ప్రొలాక్టినోమా అని తేలితే భయపడే కుటుంబానికి ధైర్యం చెప్పు: కాబెర్గోలిన్ మాత్రలతో చాలామందిలో ఆపరేషన్ లేకుండానే కణితి కుంచించుకుపోతుంది. నెలసరి తిరిగి మొదలవకముందే గర్భం రావచ్చని కూడా ముందే హెచ్చరించు.

ప్రోస్టేట్‌లో కథ వేరు. ఆండ్రోజెన్‌ను అణచే చికిత్స చాలాకాలం సాగాక కొందరిలో క్యాన్సర్ కణాలు ఆ హార్మోన్ అవసరాన్నే వదిలేసి న్యూరోఎండోక్రైన్ రూపం దాలుస్తాయి. పీఎస్ఏ తక్కువగానే ఉంటూ జబ్బు కాలేయానికి పాకవచ్చు. అలాంటి రోగికి మళ్లీ బయాప్సీ చేయాలేమో క్యాన్సర్ వైద్యులతో చర్చించు.

క్లోమంలో వచ్చే న్యూరోఎండోక్రైన్ కణితుల్లో ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు కనిపించేవి చాలానే ఉన్నాయి. అవి లోపించిన కణితులు మొండిగా ప్రవర్తించడమూ పరిశోధకులు గమనించారు. అంతమాత్రాన హార్మోన్ మాత్రలు వాటికి స్థిరపడిన చికిత్స కాదు. ఆశపడి అడిగే రోగికి ఆ మాట సూటిగా, దయగా చెప్పు.

రేపటి నుంచి కేస్ షీట్‌లో ఆఖరి నెలసరి తేదీ గడిని ఖాళీగా వదలకు. మగవాళ్ల షీట్‌లో అలాంటి గడి ఉండదు కాబట్టి, వాళ్లనడిగి తెలుసుకున్నది నీ చేత్తోనే రాసిపెట్టు.

ఆశీస్సులతో,
మీ మామయ్య