ఈనిన గేదెకు వచ్చే పాలజ్వరం: లోపం గ్రంథిలోనా, మేతలోనా?

పాడి రైతుకు నష్టం తెచ్చే జబ్బులలో పాలజ్వరం ఒక వింత జబ్బు. పేరులో జ్వరం ఉన్నది గాని ఒంటిలో జ్వరం ఉండదు. చిక్కిన పశువుకు అరుదుగా వస్తుంది. బిందె నిండా పాలిచ్చే మంచి గేదెకే వస్తుంది. నిన్న సుఖంగా ఈని జున్నుపాలు పుష్కలంగా ఇచ్చిన గేదె నేడు తెల్లవారేసరికి లేవలేక పడియుంటుంది. చికిత్స అందకపోతే తరచు ఒక్క దినంలోనే చనిపోతుంది. సకాలంలో అందితే గంట రెండు గంటలలో లేచి మేత కొరుకుతుంది. కనుక దీనిని గుర్తించే విద్య ఇంటివారికే తెలిసియుండవలెను.

పశువైద్యం నా వృత్తి కాదు. పైరులు, మేతలు నా పని. అయినను ఈ జబ్బుకు మూలం చాలవరకు మేత మడిలో ఉన్నది కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పశువు మెడలో అవటు గ్రంథి ఉన్నది. దానిని అంటిపెట్టుకొని, దాని పరిసరాలలోను, పార్శ్వావటు గ్రంథులనే చిన్న గ్రంథులు ఉన్నవి. ఇవి నాళాలు లేని గ్రంథులు. తాము తయారుచేసిన రసాన్ని, అనగా హార్మోనును, నేరుగా రక్తంలో కలుపుతాయి. రక్తంలో కాల్షియం అనే సున్నపు ధాతువు తగ్గకుండ కాపాడటం వీటి ఉద్యోగం. అది తగ్గిన క్షణమే హార్మోను బయలుదేరి, ఎముకలలోని నిలువ నుండి కాల్షియం తీసుకొనిరమ్మని ఆజ్ఞ ఇస్తుంది. మూత్రంలో పోకుండ ఆపిస్తుంది. మూత్రపిండాల ద్వారా డి విటమినును పనిలోకి దింపి, మేతలోని కాల్షియంను ప్రేవులు ఎక్కువగా పీల్చేటట్లు చేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక పెద్ద ఆవు రక్తద్రవం మొత్తంలో ఉండే కాల్షియం సుమారు 3 గ్రాములు. జున్నుపాలలో లీటరుకు 2 గ్రాములకు పైన ఉంటుంది. ఈనిన రోజున 10 లీటర్లు పిండితే 20 గ్రాములకు మించి ఒక్కసారిగా బయటికి పోతుంది. గేదె సంగతీ ఇంతే. ఎముకలలో కిలోల కొద్దీ కాల్షియం నిలువ ఉన్నది. కాని కొట్టు తాళం తీయడానికి వ్యవధి కావలెను. ప్రేవులు పుంజుకొనడానికి ఒక రోజు, ఎముకలు కరిగి ఇవ్వడానికి సుమారు రెండు రోజులు పడుతుంది. ఈ మధ్యకాలంలో రక్తంలో కాల్షియం పడిపోతే కండరాలు, నరాలు పని మానుతాయి. అదే పాలజ్వరం. అందుకే ఇది ఎక్కువగా ఈనిన మొదటి మూడు రోజులలో వస్తుంది. తొలిచూలు పడ్డకు సాధారణంగా రాదు. మూడవ ఈత నుండి ప్రమాదం పెరుగుతుంది, ఎందుకంటే ముదిరిన ఎముక ఆజ్ఞకు త్వరగా లొంగదు.

లక్షణాలు మెట్లు మెట్లుగా వస్తాయి. మొదట గేదె బెదురుగా ఉంటుంది, కండరాలు వణకుతాయి, వెనుక కాళ్లు బిగబట్టి తడబడుతూ నడుస్తుంది, మేత వదలుతుంది. ఈ మెట్టు కొన్ని గంటలే ఉంటుంది గనుక చాలమంది గమనించరు. తరువాత కూలబడి, మెడను డొక్కవైపు త్రిప్పి, తలను ప్రక్కకు ఆనించి పడుకొంటుంది. తలను లాగి సరిచేసినా మళ్లీ అటే పోతుంది. ఈ భంగిమను ఒక్కసారి చూచినవారు మరువరు. ముట్టె పొడిబారుతుంది. చెవుల మొదళ్లు చల్లబడతాయి. నెమరు ఆగుతుంది, పేడ వేయదు. ఉష్ణమాపకం పెట్టి చూస్తే తరచు 100 డిగ్రీల ఫారెన్‌హీటుకు దిగువన ఉంటుంది. చివరి మెట్టులో ఒక ప్రక్కకు వాలి, కాళ్లు చాచి, కడుపు ఉబ్బి, స్పృహ తప్పుతుంది. అప్పుడు మిగిలినవి గంటలే.

పడిన గేదె ప్రతిదీ పాలజ్వరం గేదె కాదు. పొదుగు ఒక ప్రక్క వాచి వేడిగా ఉండి పాలు నీళ్లవలె వస్తే పొదుగువాపు. తెలివిగా మేత తింటూ వెనుక కాళ్లు మాత్రం ఎత్తలేకపోతే, ఈనేటప్పుడు నరం నలిగియుండవచ్చును. ఈనిన రెండు మూడు వారాలకు మూత్రం కాఫీ రంగుగా వస్తే అది భాస్వరం లోపానికి సంబంధించిన వేరొక జబ్బు. ఈ తేడాలు చూచి పశువైద్యునికి ఫోనులోనే చెప్పగలిగితే ఆయన తగిన మందుతో వస్తాడు. రెండు తెలుగు రాష్ట్రాలలోను సంచార పశువైద్య వాహనాన్ని 1962 సంఖ్యకు పిలువవచ్చును.

వైద్యుడు వచ్చేలోపల చేయవలసినది కొంత ఉన్నది, చేయరానిది ఎక్కువ ఉన్నది. గేదెను రొమ్ముమీద కూర్చుండబెట్టి, రెండు ప్రక్కల గడ్డి మోపులుగాని ఊక బస్తాలుగాని ఆనించవలెను. క్రింద గడ్డి మందంగా పరచి, మూడు నాలుగు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. నోట ఏమియు పోయరాదు. మ్రింగే శక్తి లేని పశువుకు గొట్టంతో పోసిన కషాయమైనా, కాల్షియం మందైనా ఊపిరితిత్తులలోకి దిగి చంపుతుంది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు త్రిప్పితే అందువల్ల హాని లేదు. ఆ పేరుతో పోయే పొద్దువల్ల హాని ఉన్నది.

వైద్యుడు కాల్షియం బోరోగ్లూకోనేటు ద్రావణాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తాడు. నిదానంగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించవలసిన మందు అది. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దుకాణంలో సీసా కొని తెలిసీ తెలియనివారిచేత వేయించరాదు. మందు పనిచేస్తుంటే గేదె వణకి, త్రేన్చి, పేడ వేసి, లేవబోతుంది. కొన్ని గేదెలు లేచిన మరునాడు మళ్లీ పడతాయి గనుక రెండు రోజులు రాత్రిపూట కూడ కనిపెట్టియుండవలెను. ఆ రెండు రోజులు పాలు పూర్తిగా పిండక, దూడకు చాలినంత మాత్రమే తీయవలెను.

ఈ వైద్యం కనుగొనక ముందు ఐరోపాలో ఈ జబ్బుతో లెక్కలేని ఆవులు చచ్చేవి. 1897లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు ష్మిట్ పొదుగులోకి ఒక ద్రావణం ఎక్కించి చాల ఆవులను బ్రతికించాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే వట్టి గాలి ఎక్కించినా చాలునని తేలింది. పొదుగు బిగిసి పాలు ఊరడం ఆగితే రక్తంలోని కాల్షియం బయటికి పోదు, మర్మం అంతే. పొదుగుకు క్రిములు సోకే ప్రమాదం ఉన్నందున ఆ పద్ధతిని ఇప్పుడు ఎవరూ అనుసరించరాదు. రక్తంలో కాల్షియం తగ్గడమే మూలమని 1925లో బ్రిటనులో ఋజువైనది.

ఇక మేత మాట. వట్టిపోయిన గేదెకు బలమని చివరి వారాలలో లూసర్న్, పిల్లిపెసర, అలసంద మోపులు మోపులుగా వేస్తాము; పైగా కాల్షియం సీసాలు త్రాగిస్తాము. మేత నుండే ధారాళంగా అందుతుంటే గ్రంథికి పని లేదు. పని లేని గ్రంథి నిద్రపోతుంది, ఈనిన రోజున దానిని లేపడం ఆలస్యమవుతుంది. ఉదారబుద్ధితో పెట్టిన మేతే పడగొడుతుందన్న మాట.

రెండవ సంగతి ఇంకా ముఖ్యం, మన రైతులు అంతగా ఎరుగనిది. మేతలో పొటాషియం ఎక్కువైతే రక్తంలో క్షారగుణం పెరిగి, హార్మోను ఆజ్ఞను ఎముకలు, మూత్రపిండాలు లక్ష్యపెట్టవు. గ్రంథి మేల్కొనియున్నా లాభం లేదు. అదే పొటాషియం మెగ్నీషియంను ఒంటికి పట్టనీయదు. మెగ్నీషియం చాలనిదే హార్మోను సరిగా ఊరదు. ఈ పొటాషియం ఎక్కడిది? కొట్టం కడిగిన నీరు, పశువుల మూత్రం పారే మడిలో వేసిన నేపియర్ గడ్డి చూడండి. నల్లగా నిగనిగలాడుతూ పెరుగుతుంది. పశువుల మూత్రంలో పొటాషియం మెండు. గడ్డి తనకు అవసరమైన దానికంటె ఎక్కువ పీల్చి ఆకులో, కాడలో దాచుకొంటుంది. లేతగడ్డిలో మరీ ఎక్కువ. ఆ మడి గడ్డి పాలిచ్చే గేదెకు దివ్యమైన మేత. ఈనబోయే గేదెకు మాత్రం పనికిరాదు.

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. సూది వేయించిన, లేదా దున్నపోతుకు దాటించిన తేదీ వ్రాసియుంచితే 290వ రోజు ఎప్పుడో తెలుస్తుంది. అప్పటి నుండి పప్పుజాతి పచ్చిమేతలు, కొట్టం మడి గడ్డి తగ్గించి, ఎండు జొన్న చొప్ప, మొక్కజొన్న మేత ఎక్కువ భాగంగా వేయవలెను. వరిగడ్డిలో కూడ పొటాషియం తక్కువేమీ కాదు గనుక దానిమీదనే ఆధారపడరాదు. దాణాలో వంట సోడా కలపరాదు. ఖనిజ లవణ మిశ్రమం మామూలు మోతాదు దాటరాదు. మెగ్నీషియం సంగతి పశువైద్యుని అడగవలెను. మేత తగ్గించి గేదెను మాడ్చమని దీని అర్థం కాదు. మేత రకం మార్చవలెను, కడుపు నింపవలెను.

ఈనిన గంట నుండి లెక్క తారుమారు. ఇప్పుడు లూసర్న్ వేయవచ్చును, లేచి నిలబడి మ్రింగగల గేదెకు కాల్షియం ద్రవం త్రాగించవచ్చును. వెనుక ఈతలో ఒకసారి పడిన గేదె మళ్లీ పడే అవకాశం ఎక్కువ. అటువంటి గేదె విషయం నెల ముందుగానే వైద్యునికి తెలిపి, ఈనే రోజుకు మందు సిద్ధపరచుకొనవలెను. ఆ మూడు వారాలు కొట్టం నీటిని ఏ కొబ్బరి చెట్లకో అరటి తోటకో మళ్లించనవసరం లేదు. నేపియర్ మడికే పారనిచ్చి, ఆ గడ్డిని పాలిచ్చే గేదెలకు కోసి వేస్తే సరిపోతుంది.