చెరిపినా ఖాళీ కాని డిస్కు

పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు పగిలితే దాన్నొక్కదాన్నే తీసి మార్చడం కుదరదు. దాని అంచు మీదికి వచ్చి కూర్చున్న పై వరస పెంకుల్ని ముందు కదిలించాలి. డేటా కేంద్రాల్లో వాడే కొన్ని రకాల హార్డ్ డిస్కులకూ ఇదే చిక్కుంది.

డిస్కు మీద రాయాలంటే బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి. అందుకే రాసే హెడ్‌ను ఒక హద్దు దాటి సన్నగా చేయలేరు. చదివే హెడ్‌కు ఆ బాధ లేదు, సన్నని గీత చాలు దానికి. మరి రాసే హెడ్ వెడల్పుకు సరిపడా ప్రతి ట్రాకుకూ చోటివ్వడం దండగ కదా? అందుకని ఒక ట్రాకు రాశాక, దాని మీద కొంత భాగం కప్పేలా తర్వాతి ట్రాకు రాస్తారు. పైకి కనిపించే సన్నని అంచు చదవడానికి సరిపోతుంది. అదే పలకపై ఎక్కువ డేటా పడుతుంది. ఈ 'షింగిల్డ్' డిస్కులు 2013 నాటికే మార్కెట్లోకి వచ్చాయి.

నష్టం మీరు ఊహించే ఉంటారు. మధ్యలో ఒక ట్రాకును తిరగరాస్తే పక్క ట్రాకు చెడిపోతుంది. అందుకే డిస్కును జోన్లుగా విడగొడతారు. సాధారణంగా ఒక్కో జోన్ 256 ఎంబీ. జోన్‌లో ఎక్కడినుంచైనా చదవచ్చు, కానీ రాయడం మాత్రం మొదటినుంచి వరసగా సాగాలి. ఎంతవరకు రాశామో 'రైట్ పాయింటర్' గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ రాయాలంటే ఆ పాయింటర్‌ను మొదటికి తేవాలి, అంటే జోన్ మొత్తం పోయినట్టే. ఫ్లాష్ ఎస్ఎస్‌డీల కోసం 2020లో వచ్చిన జోన్డ్ నేమ్‌స్పేసెస్ ప్రమాణంలోనూ ఇదే క్రమశిక్షణ. అక్కడ కారణం వేరు: ఫ్లాష్‌ను పెద్ద పెద్ద బ్లాకులుగానే చెరపగలం.

ఇప్పుడు ఫైల్ సిస్టమ్ సంగతి. మీరు ఒక ఫైలు మారిస్తే కొత్త ప్రతి వేరే జోన్‌లోకి వెళ్తుంది, పాతది అక్కడే చచ్చుబడి ఉంటుంది. ఫైలు తొలగించినా అంతే. ఆ చోటు ఎవరిదీ కాదు, అయినా వాడుకోవడానికి లేదు. దాన్ని రాబట్టాలంటే జోన్‌లో ఇంకా బతికున్న డేటాను మరో జోన్‌లోకి కాపీ చేసి, పాత జోన్‌ను రీసెట్ చేయాలి. దీన్నే గార్బేజ్ కలెక్షన్ అంటారు.

ఖర్చు ఎంత? జోన్‌లో పావు వంతే బతికుంటే 64 ఎంబీ మోసి 192 ఎంబీ సంపాదిస్తాం. బాగానే ఉంది. 90 శాతం బతికుంటే? 230 ఎంబీ మోస్తే దక్కేది 26. ఒక్క ఎంబీ కోసం తొమ్మిది ఎంబీల మోత! డిస్కు నిండేకొద్దీ దాని వేగం ఎందుకు పడిపోతుందో ఈ లెక్కే చెబుతుంది.

అయితే ఎక్కువ ఖాళీ ఉన్న జోన్‌నే ఎంచుకుంటే పోలా? అంత తేలిక కాదు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మెండెల్ రోసెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ 1990ల మొదట్లో, ఈ జోన్ల డిస్కులు పుట్టకముందే, వరసగా రాసే ఫైల్ సిస్టమ్ మీద ఇదే ప్రశ్న వేసుకున్నారు. తరచూ మారే డేటా ఉన్న భాగాన్ని తొందరపడి శుభ్రం చేయకూడదని తేలింది. కాసేపు ఆగితే అందులో మిగిలిందీ దానంతటదే చచ్చుబడుతుంది, మోత తప్పుతుంది. ఎన్నాళ్లుగానో కదలని డేటా సంగతి వేరు. అక్కడ ఎదురుచూసినా ఖాళీ పెరగదు. వారి సిమ్యులేషన్లలో కదలని భాగాలను సుమారు 75 శాతం నిండి ఉండగానే శుభ్రం చేయడం, వేగంగా మారేవాటిని 15 శాతానికి తగ్గేదాకా వదిలేయడం లాభించింది. డేటా వయసును కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన ఆలోచన.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. పలకలను జరిపి అంకెలు వరసలో పెట్టే పిల్లల ఆట గుర్తుందా? ఒక్క గడి ఖాళీగా ఉంటేనే ఏదైనా కదులుతుంది. ఇక్కడా ఖాళీ చేయడానికి ముందు ఖాళీ కావాలి. బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలు తొలగించినా ఆ మార్పును కొత్త చోట రాయాల్సిందే. అన్ని జోన్లూ నిండితే తొలగించడానికీ దారి ఉండదు. అందుకే శుభ్రపరచడం కోసం కొంత స్థలాన్ని వాడుకరికి చూపకుండా ముందే పక్కన పెడతారు. డిస్కు పెట్టె మీద రాసినంత చోటు మీకు దక్కకపోవడానికి ఇదీ ఒక కారణమే.

రీసెట్‌కూ ఒక సమయముంది. కాపీ అయిన డేటా కొత్త చోటు డిస్కు మీద స్థిరంగా నమోదయ్యాకే పాత జోన్‌ను రీసెట్ చేయాలి. ముందే చేస్తే, ఆ క్షణాన కరెంటు పోయిందంటే రెండు ప్రతులూ గల్లంతే.

లినక్స్‌లో 2017 నుంచి జోన్ల డిస్కులతో పనిచేస్తున్న ఎఫ్‌2ఎఫ్ఎస్ ఇప్పటికీ రెండు పద్ధతులూ వాడుతుంది. డిస్కు తీరికగా ఉన్నప్పుడు వయసు చూసి నింపాదిగా ఎంచుకుంటుంది. చోటు చాలక, రాయాల్సిన ప్రోగ్రామ్ ఎదురుచూస్తున్నప్పుడు మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి, అతి తక్కువ మోతతో ఖాళీ అయ్యేదాన్ని పట్టుకుంటుంది.