క్రొత్త యింటికి ముందు లెక్క

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెఱుగనివారు మనలో లేరు. రెంటియందును వ్యయము అనుకొన్నచోట ఆగదని దాని భావము. అయినను పెండ్లి కొలది దినములలో ముగియును. సగములో నిలిచిన యిల్లు ఏండ్లకొలది సేద్యమును తినుచుండును. కావున సంఘ సభ్యులగు కర్షక సోదరులకు గృహవ్యయమును ముందుగా లెక్కించు విధమును ఈ మాసము పాఠముగా వ్రాయుచున్నాను.

మొదట నా తప్పును చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ప్రత్తి అమ్మిన సొమ్ము చేతికి రాగానే, లెక్క వ్రాయకయే పునాది వేసితిని. మరుసటి పంట విత్తనములకును ఎరువులకును ఉంచవలసిన సొమ్ము గోడలలో కలిసిపోయెను. ఎరువు అదనుకు పడక ఆ యేడు దిగుబడి తగ్గెను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చితిని. కప్పులేని గోడలు రెండు వానకాలములు తడిసినవి. ఆ రెండేండ్లకు వడ్డీయే 96,000 రూపాయలయ్యెను. పరులకు పాఠము చెప్పువాడనయ్యు నేను నేర్చుకొన్నది అప్పుడే.

1. ఇంటి సొమ్ము ఎంత?

ఏనుమాముల మార్కెట్టులో పంట అమ్మి వచ్చినదంతయు ఇంటి సొమ్ము కాదు. సంఘమునకు చెల్లింపవలసిన బాకీ, రాబోవు పంట విత్తనములు, ఎరువులు, కూలి, ఇంటి గ్రాసము, పిల్లల చదువు – వీనిని ముందుగా తీసివేయవలెను. మిగిలినదే ఇంటిది. ఇల్లు పంట మిగులుతో లేవవలెనేగాని పంట పెట్టుబడితో లేవరాదు.

2. నేలను చూడుడు

మట్టి పరీక్షకు చేనిలో గుంట త్రవ్వినట్లే ఇంటి స్థలమునందును త్రవ్వి చూడుడు. చలుక నేలలో గట్టి మొరము త్వరగా తగులును. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. పైపైన వేసిన పునాది దానితోపాటు కదలి గోడలు పగులును. అట్టిచోట నెఱ్ఱెల లోతు దాటి గట్టి పొర వఱకు పోవలెను. కందకమును ఆ రేగడితోనే పూడ్చక ఇసుకతోగాని మొరముతోగాని నింపవలెను. పాలంపేటలో 1213లో వెలసిన రామప్ప గుడికి కాకతీయుల కాలపు శిల్పులు ఇసుక నింపిన పునాది వేసిరి. రేగడిలో పునాది వ్యయము అధికమగును గాన, గుంట చూచిన పిదపనే లెక్క వ్రాయవలెను.

3. కొలత పెరిగిన వ్యయము పెరుగును

600 చదరపు అడుగుల స్లాబు 4 అంగుళముల మందమున పోసినచో కాంక్రీటు 200 ఘనపుటడుగులు. సిమెంటు 1 పాలు, ఇసుక ఒకటిన్నర పాళ్లు, కంకర 3 పాళ్లుగా కలిపిన, సిమెంటు సుమారు 46 బస్తాలు, ఇసుక 84, కంకర 168 ఘనపుటడుగులు పట్టును. దూలములు, వృథా దీనికి వేఱు. మేస్త్రి అజాగ్రత్తచే మందము అరయంగుళము పెరిగినను మఱి 6 బస్తాలు పోవును. సలాకల బరువు ఇంజినీరు గీసిన పటమునుబట్టి తెలిసికొనుడు. ఈ కొలతల ప్రక్కన మీ యూరి ధరలను మీరే వ్రాసికొనుడు.

4. పనిని మెట్లుగా విభజింపుడు

బేస్‌మెంటు, గోడలు, స్లాబు, ముగింపు అని నాలుగు మెట్లు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకమున స్థలముగలవారికి మంజూరగు 5 లక్షలును నాలుగు విడతలుగనే వచ్చును. మొదటి విడత బేస్‌మెంటు పూర్తియైన పిమ్మటనే గాని ముందు రాదు. కావున ఒక మెట్టుకు చాలిన సొమ్ము ఎల్లప్పుడు చేతనుండవలెను. స్లాబునకు మార్గము కనబడనిదే గోడలు లేపవలదు. సుతారి మేస్త్రికిని పని కొలిచిన పిదపనే సొమ్మీయుడు.

5. మఱచిపోవు పద్దులు

దర్వాజాలు, కిటికీలు, కరెంటు తీగలు, నీటి గొట్టములు, మరుగుదొడ్డి, గచ్చు, సున్నము, సామాను బండి కిరాయి, గృహప్రవేశపు భోజనములు – వీనిని చాలమంది వ్రాయరు. వీనినన్నిటిని చేర్చిన మొత్తముపై పదవ వంతు ఆకస్మిక వ్యయమునకు విడిగా ఉంచుడు.

ఇప్పుడు ఒక పుస్తకము తీసి, పని, అంచనా, ఖర్చయినది, మిగిలినది అని నాలుగు వరుసలు గీయుడు. ప్రతి రాత్రియు ఆనాటి ఖర్చును ఇంటి యిల్లాలి యెదుట వ్రాయుడు. అంచనాకు సొమ్ము చాలనిచో ఒక గది తగ్గింపుడు, లేదా మఱొక పంట ఆగుడు. చిన్న యింట సుఖముగా నిద్రించువాడు, అప్పుతో లేచిన పెద్ద యింట మేలుకొని యుండువానికంటె ధన్యుడు.