మరమనిషి బొమ్మకు తరుగుదల లెక్క



ఈ సంచికకు బ్యాంకు పరీక్షల గురించి రాయమన్నారు. దానిని వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఒక బొమ్మ గురించి రాస్తున్నాను. కారణం ఉంది.

ఉపకార వేతనం తీసుకునేవారు ఖర్చుల పద్దు రాసి చూపించాలి కదా, ఆ పద్దులు సరిచూసే పని నాది. పోయినసారి మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయి పద్దులో, పరీక్ష ఫీజుకూ డ్రాయింగ్ షీట్లకూ మధ్య "ప్లాస్టిక్ బొమ్మ" అని ఒక వరుస కనబడింది. ఎర్ర పెన్నుతో సున్న చుట్టి, పిలిపించాను. "బొమ్మలు కొనుక్కోవడానికా బాబూ పెద్దలు చందాలిచ్చింది?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. "అది నేను ట్యూషన్ చెప్పిన డబ్బు సార్. పద్దు అన్నాక అన్నీ రాయాలని మీరే కదా చెప్పారు" అన్నాడు. చూస్తే జమ వైపు ట్యూషన్ వరుస ఉంది. నేనే చూసుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా జమాఖర్చులు చూసినవాడిని!

మరుసటి ఆదివారం ఆ బొమ్మ పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. జపానులో 1979లో టెలివిజన్‌లో వచ్చిన 'మొబైల్ సూట్ గండం' అనే బొమ్మల కథలోని మరమనిషి అది. (మా ఇంటావిడ పెట్టె మీద పేరు విని, "పేరులోనే గండం ఉంది, జాగ్రత్త" అన్నది. ఆ మాట ఎంత నిజమో తరువాత చెబుతాను.) బండాయ్ కంపెనీ ఈ బొమ్మలను 1980 నుంచి విడిభాగాలుగా అమ్ముతున్నది. మొదటి బొమ్మ ధర 300 యెన్లట. ఈ అబ్బాయి కొన్నది కథలో శత్రువుల పక్షాన పోరాడే జాకు అనే ఆకుపచ్చ యంత్రం. 1/144 కొలత.

ఈ కొలత ముందు అర్థం చేసుకోవాలి. కథలో జాకు ఎత్తు 17.5 మీటర్లు, అంటే 1750 సెంటీమీటర్లు. 144తో భాగిస్తే 12 సెంటీమీటర్ల చిల్లర. తిరగేసి చూడండి: బొమ్మ మీద 1 మిల్లీమీటరు అంటే అసలు యంత్రం మీద 14.4 సెంటీమీటర్లు. బొమ్మ మీద మనం గీసే చిన్న గీత, అసలు దాని మీద జానెడు గాయం అన్నమాట. ఇది గుర్తుంచుకోండి, తరువాత కావాలి.

భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వస్తాయి. చట్రం మీద చిన్న అక్షరాలు ఉంటాయి: పి.ఎస్. అంటే పాలిస్టైరీన్, పి.ఇ. అంటే పాలిథిలీన్, ఎ.బి.ఎస్. అంటే మరో గట్టి రకం. జిగురు అక్కరలేదు, ఒకదానిలో ఒకటి నొక్కితే సరిపోతుంది. కోయడంలోనే ఓర్పు కావాలి. భాగానికి ఆనించి ఒకే దెబ్బకు కత్తిరిస్తే ప్లాస్టిక్ మీద ఒత్తిడి పడి తెల్లమచ్చ వస్తుంది. మొదట కొంచెం దూరంగా కోసి, చట్రం నుంచి విడిపించి, మిగిలిన ముక్కను రెండోసారి కోయాలి. ఆ పైన 400, 600, 1000 నంబర్ల ఉప్పు కాగితం వరుసగా, నీళ్ళతో తడిపి రుద్దాలి. తడిపితే దుమ్ము లేవదు, ఊపిరితిత్తులకు మంచిది. తరువాత సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాలి, వేలి జిడ్డు ఉంటే రంగు పట్టదు.

రంగు విషయంలో మన చెన్నైవారికి ఒక హెచ్చరిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల రోజుల్లో స్ప్రే డబ్బా ముట్టుకోకండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రంగు వేసిన చోటు చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లగా పొగపట్టినట్టు అవుతుంది. ఎండ ఉన్న పొడి రోజున, మేడ మీద, ముక్కుకు మాస్కు కట్టుకుని, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా రెండు మూడు పూతలు వేయాలి. కుంచెతో అయితే నీటిలో కలిసే ఆక్రిలిక్ రంగు సులువు.

ఇక గండం సంగతి. గీతల్లో నింపే నల్లరంగు మోకాలి దగ్గర ఒలికింది. అబ్బాయి మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళాడు. కిటికీ గ్రిల్లుకు పెయింటు వేయించినప్పుడు మిగిలిన థిన్నర్ సీసా నా దగ్గర ఉంది. సాయం చేద్దామని గుడ్డకు కాస్త పట్టించి తుడిచాను. మరక పోయింది. దానితోపాటు పై పొర మెత్తబడి వేలిముద్ర పడింది, కీలులోకి దిగిన థిన్నర్‌కు మోకాలు పగిలింది. పాలిస్టైరీన్‌ను అటువంటి థిన్నర్ కరిగించేస్తుంది. కీలులా బిగుతుగా ఒత్తిడిలో ఉన్న చోట అయితే బొమ్మ రంగుల కోసం అమ్మే ఎనామెల్ థిన్నర్ కూడా పగులు తెప్పించగలదు. ఇవన్నీ తరువాత ఆ అబ్బాయే చెప్పాడు. ఆ క్షణంలో మాత్రం కాలు చేతిలోకి తీసుకుని చూసి, "పర్లేదు సార్" అని, అన్నీ పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎన్ని ట్యూషన్ గంటల డబ్బో అది! పద్దులో చూసినవాడిని కనుక నాకు అంకెతో సహా తెలుసు. కొత్తది కొనిస్తానని కబురు పంపితే వద్దన్నాడు.

రెండు వారాలకు వచ్చాడు. మోకాలు జిగురుతో అతికించాడు, ఇక వంగదు. "ఇప్పుడు పాతబరచాలి సార్, మీరూ రండి" అని పెరంబూరు దగ్గరున్న రైలు మ్యూజియానికి తీసుకుపోయాడు. ఐ.సి.ఎఫ్. పక్కన 2002లో తెరిచినది, పాత ఇంజన్లు ఆరుబయటే నిలబెట్టి ఉంటాయి. అక్కడ నాకు పాఠం మొదలైంది.

కొత్త బొమ్మ నిగనిగలాడితే ఆటవస్తువులా ఉంటుంది. వాడిన యంత్రంలా కనబడాలంటే దానికి వయసు తేవాలి. నేను ఒళ్ళంతా సమానంగా మసి పూస్తే సరి అనుకున్నాను. ఆ అబ్బాయి ఇంజను మెట్టు చూపించాడు: చెప్పులు రాసుకునే నడుమ భాగంలోనే రంగు పోయింది, అంచుల్లో ఉంది. రివెట్ల నుంచి తుప్పు చారలు కిందికే దిగాయి, నీరు కిందికే పారుతుంది కనుక. చూరు కింద ఉన్న చోట తుప్పు లేదు. అప్పుడు నాకు తట్టింది, ఇది మన తరుగుదల లెక్కే! కట్టడానికి ఒక రేటు, ఫర్నిచర్‌కు ఒక రేటు, కంప్యూటర్‌కు ఇంకా ఎక్కువ రేటు వేస్తాం. అన్నింటికీ ఒకే రేటు వేసిన పుస్తకాన్ని ఏ ఆడిటర్ ఒప్పుకుంటాడు? ఇక్కడా అంతే. పాదాలకు మట్టి, వీపున మంట వచ్చే గొట్టాలకు మసి, భుజాల అంచులకు గీతలు. ప్రతి మరకకూ ఒక వోచరు చూపించగలగాలి.

తుప్పు వేయవచ్చా అని కూడా అడగాలి. కథానాయకుడి గండం యంత్రం కవచం టైటానియం రకపు లోహమని కథలో చెప్పారు, టైటానియానికి ఎర్రతుప్పు రాదు. జాకుది ఉక్కు, కనుక పెట్టవచ్చు.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. ప్యాకింగ్‌లో వచ్చే స్పాంజి ముక్కను ముదురు గోధుమరంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా అద్దేసి, మిగిలినదానితో అంచులను తాకితే పెచ్చులూడినట్టు వస్తుంది. ఇక్కడే ఇందాకటి 14.4 గుర్తుకు తెచ్చుకోండి. 3 మిల్లీమీటర్ల మచ్చ పెడితే అసలు యంత్రానికి 43 సెంటీమీటర్ల పెచ్చు ఊడినట్టు. నేను పెట్టిన మచ్చలు చూసి అబ్బాయి నవ్వాపుకున్నాడు. పొడి సుద్ద రంగులను ఉప్పు కాగితం మీద గీకి, ఆ పొడిని కుంచెతో పాదాలకు అద్దితే దుమ్ము. చివరగా మెరుపులేని వార్నిష్ పలచగా వేస్తే పొడి నిలుస్తుంది. ఆ పూతలో పొడి కొంత కనుమరుగవుతుంది, కనుక ఒక పిసరు ఎక్కువే అద్దాలి.

పగిలిన మోకాలిని పుట్టీతో పూడ్చి దాచేయమన్నాను. ఒప్పుకోలేదు. పగులు చుట్టూ ఉక్కు రంగు, దాని కింద సన్నని తుప్పు చార వేశాడు. నా వేలిముద్ర పడిన చోటు మాత్రం ఏమీ చేయకుండా వదిలేశాడు, దగ్గరగా చూస్తే ఇప్పటికీ కనబడుతుంది.

ఆ తరువాతి పద్దులో "జిగురు ట్యూబు 1 - సార్ కొనిచ్చినది" అని జమ వైపూ ఖర్చు వైపూ రెండు చోట్లా రాశాడు. రసీదు నేనే జతచేశాను.